వర్డ్స్ సారు పలక

మార్కాపురంలో హరికృష్ణ సారు ఎక్కడుంటాడని అడిగితే ఎవరూ చెప్పలేరు. వర్డ్స్ సారు అనండి, బస్టాండు దగ్గర ఆటోవాళ్లు మెట్లు కూడా చూపిస్తారు. కింద సెల్‌ఫోన్ల దుకాణం, పైన ఆయన కోచింగ్ సెంటర్. గోడ మీద పెద్ద బోర్డు. "జీఆర్‌ఈ పలక మెథడ్, మూడు వేల ఐదు వందల పదాలు, గ్యారంటీ" అని ఉంటుంది. దేనికి గ్యారంటీయో రాయలేదు. అడిగినవాళ్లూ లేరు.

జీఆర్‌ఈ అంటే విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే ప్రవేశ పరీక్ష. అందులో లెక్కలు ఒక భాగం, ఇంగ్లిషు ఒక భాగం. ఆ ఇంగ్లిషు భాగాన్ని వెర్బల్ అంటారు, దాని మార్కులు నూట ముప్పైతో మొదలై నూట డెబ్బైతో ఆగుతాయి. మా ఊళ్లో లెక్కలకు భయపడేవాళ్లు తక్కువ. వెర్బల్ అంటే మాత్రం అందరికీ చెమటలు పడతాయి. ఆ చెమట మీదే వర్డ్స్ సారు ఇరవై ఏళ్లుగా బతుకుతున్నాడు. అందులో పద్నాలుగు నెలలు నేను కూడా ఆయనకు తలవంచి బతికాను కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుందని అనుకుంటున్నాను.

నా పేరు ముబాషిరా. మా అబ్బా గౌస్ మొహిద్దీన్ పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి నునుపు చేసే పని చేస్తాడు. నేను కర్నూలులో హాస్టల్లో ఉండి జియాలజీ డిగ్రీ చేశాను. రాళ్ల చదువు. మా చుట్టాలకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా నవ్వుతారు, ఇంట్లో ఒకరు రాయి కొడుతున్నది చాలదా అని. జర్మనీలో ఒక యూనివర్సిటీ మా పలకరాయిలాంటి పొరల రాళ్ల మీద పీజీ కోర్సు నడుపుతోంది. వెర్బల్‌లో కనీసం నూట యాభై ఉంటేనే అప్లికేషన్ చూస్తామని రాశారు. నేను వర్డ్స్ సారు మెట్లు ఎక్కింది ఆ నూట యాభై కోసం.

మొదటిసారి అబ్బా వెంట వెళ్లాను. సారు ఇస్త్రీ నలగని తెల్లచొక్కా వేసుకుని, జేబులో మూడు పెన్నులు పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. ఆ పెన్నుల్లో ఒక్కదానితోనైనా ఆయన రాయగా నేను ఎప్పుడూ చూడలేదు. అబ్బా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎగుమతికి పనికిరాని మూల విరిగిన పలకలు ఫ్యాక్టరీవాళ్లు పనివాళ్లకే ఇచ్చేస్తారు. ఆ పలకలు సెంటర్‌కు తెచ్చిచ్చేట్టు, దానికి బదులు నాకు ఫీజు లేకుండా చెప్పేట్టు మాట్లాడుకున్నారు. ఆరోజు నుంచి ఆ క్లాసులో నాకు పేరు పోయింది. సారు నన్ను "పలకల పిల్లా" అనే పిలిచేవాడు.

పలక మెథడ్ గురించి చెప్పాలి. ఈ ఘనకార్యం మా ఊళ్లో తప్ప ఇంకెక్కడా పుట్టదు. "నోటుబుక్కులో రాస్తే మాట బుక్కులో ఉంటాది. పలక మీద రాసి తుడిస్తే మాట తలకాయలోకి పోతాది" అనేది సారు సిద్ధాంతం. పొద్దున ఆరింటికి ఇరవై మందిమి చాపల మీద కూర్చునేవాళ్లం. డిగ్రీలు, బీటెక్‌లు అయినవాళ్లం. గడ్డాలు పెంచినవాళ్లు కూడా ఒళ్లో పలక, చేతిలో బలపం. సారు ఒక ఇంగ్లిషు మాట చెప్తాడు. మేము ఆ మాట, పక్కన దాని తెలుగు అర్థం రాసి, గట్టిగా ఐదుసార్లు చదివి, తుడిచెయ్యాలి. అర్థం ఒక్కటే ఉండాలి. రెండో అర్థం అడిగితే సారుకు చిర్రెత్తుకొచ్చేది.

తుడవడానికి కూడా ఒక పద్ధతి పెట్టాడు మహానుభావుడు. ఎడమ అరచెయ్యి పైనుంచి కిందికి రెండుసార్లు, తర్వాత చిటికెన వేలి పక్కతో ఫ్రేము అంచు వెంబడి ఒకసారి. అంచులో సుద్దపొడి మిగిలితే తలలో కూడా చెత్త మిగులుతుందట. నెల తిరిగేసరికి మా ఎడమ చేతులన్నీ సున్నం కొట్టినట్టు తయారయ్యాయి.

వారం చివర పరీక్ష. మొదటి మాట 'అబేస్' నుంచి ఎవరు ఎక్కడిదాకా వచ్చారో అక్కడిదాకా వరసగా ఒప్పజెప్పాలి. ఒక్కటి తప్పినా సారు కళ్లు మూసుకుని, చెయ్యి పైకెత్తి, "పలక తుడువు. మొదటి నుంచి రాయి" అనేవాడు. మొదటి నుంచి అంటే నిజంగానే మొదటి నుంచి. మళ్లీ అబేస్, అబేట్, అబెరెంట్. దీనివల్ల ఏమైందంటే, మా సెంటర్‌లో 'ఎ' తో మొదలయ్యే మాటలు రానివాడు లేడు, 'ఎమ్' మొహం చూసినవాడు లేడు. నా పక్కన కూర్చునే సతీష్ రెండేళ్లలో మూడుసార్లు 'డి' దాకా వెళ్లి మూడుసార్లూ వెనక్కి వచ్చాడు. వాడు కోపమొచ్చి ఎవరినైనా తిట్టినా 'ఎ' మాటలతోనే తిట్టేవాడు. నేను పద్నాలుగు నెలల్లో 'ఎల్' దగ్గరికి వచ్చాను. దానికే సెంటర్‌లో నన్ను వింతగా చూసేవాళ్లు.

సారుది గిద్దలూరు అవతల ఒక పల్లె. వాళ్ల నాయన అంకన్న గొర్రెలు మేపి కొడుకును చదివించాడు. ఇది నిజంగా గొప్ప సంగతి. కానీ సారు నోట్లో పడితే గొప్ప సంగతి కూడా మమ్మల్ని తిట్టడానికే పనికొచ్చేది. "మా నాయన గొర్రెల్ని కాసినాడు. నేను మిమ్మల్ని కాస్తాండా. ఆయన పనే సుఖం. గొర్రెలు ఒకసారి చెప్తే వింటాయి" అనేవాడు. మేము నవ్వేవాళ్లం. మమ్మల్ని గొర్రెలన్నందుకు మేమే నవ్వేవాళ్లం, అది తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

తన స్కోరు గురించి సారు కోసిన కోతలకు లెక్కలేదు. "నా స్కోరు కాగితం చూపిస్తే మీకు కళ్లు తిరుగుతాయి, అందుకే చూపించను" అంటాడు. సీటు వచ్చిందట, వీసా వచ్చిందట, విమానం ఎక్కే వారం నాయనకు జబ్బు చేస్తే అన్నీ వదులుకుని వచ్చేశాడట. ఈ కథ చెప్పేటప్పుడు కిటికీలోంచి కొండల వైపు చూసేవాడు. ఆటోవాడు పది రూపాయలు ఎక్కువ అడిగితే "డోంట్ ప్రివారికేట్" అనేవాడు, అంటే మాట తిప్పొద్దని. మధ్యాహ్నం భార్య భాగ్యమ్మ క్యారియర్ తెస్తే, మూత తీసి చూసి ఇంగ్లిషులో ఏదో ఒకటి అనేవాడు. ఆమె పాపం చిరునవ్వుతో నిలబడేది. ఒకసారి నాతో అంది, "ఇంగ్లిషులో అన్నాడంటే ఆ పొద్దు కోపంగా ఉన్నాడని అర్థమమ్మా. తెలుగులో అంటే ఆకలైందని." ఆయన మూడు వేల ఐదు వందల మాటల్ని ఆమె రెండు ముక్కల్లో తేల్చేసింది.

మూడో నెలలో నేను ఒక తప్పు చేశాను. ప్రశ్న అడిగాను.

"సార్, ఈ మాటను వాక్యంలో ఎట్ల వాడతారు?"

సారు నన్ను కాళ్ల నుంచి తల దాకా చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. పెదవి ఒక పక్కకు లాగి, కళ్లు సగం మూసి, ఇంత చిన్నదానితో మాట్లాడాల్సి వచ్చిందే అన్నట్టు.

"వాక్యమా? అది అడిగే అర్హత నీకింకా రాలేదు. పలకలు తెచ్చేదానివి పలకలు తెచ్చినట్టు ఉండు. పలక తుడువు. మొదటి నుంచి రాయి."

అప్పటికి నేను 'సి' మధ్యలో ఉన్నాను. ఒక్కటీ తప్పలేదు. అయినా తుడిచాను. సతీష్‌తో సహా అందరూ నవ్వారు. నాకు ఏడుపు రాలేదు, అవమానంతో చెవులు కాలిపోయాయి. ఆ సాయంత్రం పరీక్ష పెట్టేవాళ్ల వెబ్‌సైటులో నమూనా పేపరు తీసి చూశాను. విడి మాటలకు అర్థాలు అడగడం, వ్యతిరేక పదాలు అడగడం ఎప్పుడో పదేళ్ల కిందటే తీసేశారు. ఇప్పుడు అన్నీ పొడుగాటి వాక్యాలు, పేరాలు. వాక్యం ఎటు తిరుగుతుందో పట్టుకుంటేనే ఖాళీలో ఏ మాట పడుతుందో తెలుస్తుంది. ఆ పేపరు ప్రింటు తీసుకుని సారు ముందు పెట్టాను. ఆయన రెండు నిమిషాలు చూశాడు. చూస్తున్నంతసేపూ ఎడమ చెయ్యి బల్లను రుద్దుతూనే ఉంది. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెన్నుల వెనక దోపుకున్నాడు.

"నకిలీది. నెట్టులో అన్నీ ఇట్లాంటివే" అన్నాడు.

ఆరోజు నుంచి ఆయన మీద నాకున్న భయం అసహ్యంగా మారింది. అయినా మానేయలేదు. మానేస్తే అబ్బా బాధపడతాడు. పలకలు మోసుకుంటూ ఆ మెట్లు ఎక్కినప్పుడల్లా ఆయన ఎట్లా రొప్పుతాడో నేను చూశాను. పొద్దున క్లాసులో పలక తుడుస్తూ, అసలు చదువు ఇంట్లో మొదలుపెట్టాను.

ఇంట్లో నా మాస్టారు మా అబ్బానే. ఆయనకు ఇంగ్లిషు ముక్క రాదు. సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్లు చేతులు కడుక్కుని, టీ తాగుతూ కూర్చున్నప్పుడు నేను ఫోన్లో పొరల రాళ్ల మీద విదేశీయులు రాసిన వ్యాసాలు తీసి ఒక్కో వాక్యం చదివేదాన్ని. మొదట ఊరికే విన్నాడు. తర్వాత అడగడం మొదలుపెట్టాడు.

"అయితే ఏందంటాడు ఆయన?"

నేను చెప్పాలి. మాటకు మాట అర్థం చెప్తే ఆయన ఒప్పుకోడు. "అది కాదు బేటీ. మొత్తం మీద ఏందంటాడు?" అంటాడు. నేను మళ్లీ చదివి, ఆలోచించి, మన మాటల్లో చెప్తే అప్పుడు తల ఊపుతాడు, లేకపోతే కొట్లాడతాడు. ఒకసారి ఒక వాక్యం వచ్చింది. రాయి బలహీనంగా ఉండడం వల్ల పొరలుగా విడిపోతుందని చాలామంది అనుకుంటారు, నిజానికి దాన్ని నలిపిన బలమే దానికి ఆ దారి ఇచ్చింది అని. అబ్బా గ్లాసు కింద పెట్టాడు.

"అది ఉలి పెడితేనే తెలుస్తాదే. మరి ముందు తప్పు మాట చెప్పి, ఆనక ఒప్పు మాట ఎందుకు చెప్పినాడు?"

"జనం అనుకునేది ముందు చెప్పి, తర్వాత దాన్ని కొట్టేస్తాడు అబ్బా."

"అట్లనా? పెద్ద జిత్తులమారే" అన్నాడు అబ్బా, ఆ దొరగారి మీద గౌరవంతో.

పరీక్షలో అడిగేది సరిగ్గా అదే. వాక్యం ఎక్కడ తిరిగింది, ఎందుకు తిరిగింది. నాకు తెలియని మాటలు వచ్చినా, వాక్యం తిరిగే చోట పట్టుకుంటే మాట దానంతటదే బయటపడేది. రోజుకు గంట. అమ్మీ కమ్రున్నీసా బియ్యం ఏరుతూ, మధ్యమధ్యలో "తండ్రీ కూతుళ్లకు రాళ్లు తప్ప ఏమీ పట్టవు" అని గొణిగేది. ఏడాది పాటు ఇట్లా సాగింది. ఈ సంగతి నేను సెంటర్‌లో ఎవరికీ చెప్పలేదు.

పరీక్ష తేదీ దగ్గరపడింది. నాకు ఉన్నది ఒకే అవకాశం. తప్పితే మళ్లీ రాయడానికి ఇరవై ఒక్క రోజులు ఆగాలి, ఆలోపు యూనివర్సిటీ గడువు దాటిపోతుంది. పలకలు ఇవ్వడానికి వచ్చిన అబ్బాతో సారు నా ముందే ఒక మాట అన్నాడు.

"ఈమెకు ఈసారి రాదు గౌస్ భాయ్. దిగులు పడబాకు. నా దగ్గరే పెట్టుకుంటా. 'ఎ' నుంచి 'ఎఫ్' దాకా ఈమె చెప్తాది, మిగతాది నేను చూసుకుంటా. వర్డ్స్ మేడం. ఊళ్లో గౌరవం, ఇంటి దగ్గరే పని. ఏందంటావు?"

అబ్బా మొహం వెలిగిపోయింది. అమ్మీ విని ఇంకా సంతోషించింది, ఆడపిల్లకు అంతకంటే ఏం కావాలని. నాకు మాత్రం వేరే బొమ్మ కనపడింది. ఆ చాపలు, ఆ సుద్దపొడి, బల్ల వెనక ఇంకో కుర్చీ, అందులో నేను. ఇరవై ఏళ్లు అబేస్, అబేట్ అంటూ 'ఎఫ్' దాకా చెప్తూ, ప్రశ్న అడిగిన పిల్లను ఆ చూపు చూస్తూ. చచ్చినా సరే, ఆ మనిషిలా మాత్రం కాకూడదని ఆరోజు అనుకున్నాను. జర్మనీ కంటే కూడా అదే నాకు పెద్దదైపోయింది.

పరీక్ష వారంలో సారు సెంటర్‌కు మూడు రోజులు సెలవిచ్చాడు. కర్నూలులో ఇంగ్లిషు మేధావుల సెమినార్ అట, తనను మాట్లాడమని పిలిచారట. చొక్కా ఇస్త్రీ చేసి, బ్యాగు సర్దింది భాగ్యమ్మే. నేను హైదరాబాదు వెళ్లి అమ్మీ చెల్లెలు, మా ఖాలా ఇంట్లో దిగాను. ఖాలా కూతురు షాయిస్తా పొద్దున స్కూటీ మీద పరీక్ష కేంద్రం దగ్గర దింపి, రెండింటికి వస్తానని తన పనికి వెళ్లింది.

లోపలికి పంపేముందు పాస్‌పోర్టు చూశారు. చున్నీ దులిపించారు, కళ్లజోడు తీయించి అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత చెక్క అడ్డుగోడల మధ్య ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ముందు వ్యాసం రాశాను, తర్వాత వెర్బల్ వచ్చింది. పద్దెనిమిది నిమిషాలు, పన్నెండు ప్రశ్నలు. మొదటి వాక్యం చదివాను. చెవిలో అబ్బా గొంతు వినపడింది, అయితే ఏందంటాడు? జవాబు నొక్కాను. నొక్కగానే నా ఎడమ చెయ్యి బల్లను తుడిచింది. పైనుంచి కిందికి రెండుసార్లు, అంచు వెంబడి ఒకసారి. పద్నాలుగు నెలల అలవాటు. నా మీద నాకే నవ్వొచ్చింది. ఈ గదిలో ఇట్లా బల్ల తుడిచేదాన్ని నేనొక్కదాన్నే అనుకుని పక్కకు చూశాను.

ఏటవాలుగా ముందు వరసలో ఇంకో ఎడమ చెయ్యి బల్లను తుడుస్తోంది. పైనుంచి కిందికి రెండుసార్లు. చిటికెన వేలి పక్కతో అంచు వెంబడి ఒకసారి.

తెల్లచొక్కా. జేబులో పెన్నులు లేవు, లోపలికి రానివ్వరు కదా. వెనకనుంచి చూసినా మెడ మీద ఆ మడతలు నాకు తెలుసు. వర్డ్స్ సారు స్క్రీను వైపు మొహం ముందుకు చాచి, పెదవులు కదుపుతూ, చిన్నపిల్లాడు ఎక్కాలు చదివినట్టు చదువుతున్నాడు. చెయ్యి బల్లను ఆపకుండా రుద్దుతోంది.

నాకు ఒక నిమిషం పోయింది. పన్నెండు ప్రశ్నలున్నచోట ఒక నిమిషం అంటే చిన్న సంగతి కాదు. తర్వాత కోపం వచ్చింది. ఈ మనిషికా నేను పద్నాలుగు నెలలు భయపడ్డాను? ఈ మనిషి నన్నా అర్హత లేదన్నాడు? ఆ కోపంతోనే మిగతాది రాసేశాను. వెర్బల్ రెండో భాగంలో తెలియని మాటలు చాలా వచ్చాయి, ఒక్కదానికీ బెదరలేదు. చివరికి స్క్రీను మీద అంకెలు పడ్డాయి. వెర్బల్ నూట యాభై రెండు. ఆ అంకెను మూడుసార్లు చదువుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను వర్డ్స్ మేడం కాను.

కేంద్రం పక్కనే చిన్న టీకొట్టు. సారు అక్కడ రేకు బల్ల ముందు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, దారి లేక మళ్లీ కూర్చున్నాడు. బల్ల మీద ఆయన పాస్‌పోర్టు ఉంది, అట్ట నలగలేదు. గాలికి తెరుచుకుంటే చూశాను, లోపల ఒక్క ముద్ర కూడా లేదు.

"ఏంది సార్, సెమినార్ ఇక్కడనా?" అన్నాను.

"గట్టిగా అనబాకమ్మా" అన్నాడు. పలకల పిల్లను ఆయన అమ్మా అనడం అదే మొదటిసారి. "భాగ్యకు తెలీదు. ఎంతొచ్చింది నీకు?"

"నూట యాభై రెండు. మీకు?"

టీ గ్లాసులోకి చూశాడు. "నూట నలభై నాలుగు."

"ఇది ఎన్నోసారి?"

"ఏడు." వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, "పాత పద్ధతిలో రెండుసార్లు. అవి కలిపితే తొమ్మిది" అన్నాడు.

సీటు, వీసా, విమానం, నాయన జబ్బు, అన్నీ ఉత్తివే. నేను అనుకున్నదే. అయినా ఆయన నోటి నుంచి వినేసరికి నాకు చెప్పలేనంత తృప్తి కలిగింది. ఆ తృప్తిని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఎక్కడికో పోవాలని కాదమ్మా" అన్నాడు ఆయన. "నలభై నాలుగేండ్లు వచ్చినాయి, నేనెక్కడికి పోతా? నూట యాభై ఒక్కసారి కంటితో చూసి ఊరుకుందామని. అంతే. మీ ముందు నిలబడి పాఠం చెప్తాంటే ఒక్కొక్కసారి మీ మొహాలు చూడలేకపోతాండా." గ్లాసు పక్కకు జరిపాడు. "నువ్వు 'ఎల్' కూడా దాటలేదు. నాకు మూడు వేల ఐదు వందలూ వచ్చు, నిద్రలో అడిగినా చెప్తా. ఆడ వాక్యం చూస్తే అన్నీ తెలిసిన మాటలే. వాక్యం మాత్రం అర్థం కాదు. నువ్వు తెచ్చిన ఆ కాగితం నకిలీది కాదని నాకు తెలుసు. అది ఇప్పటికీ ఇంట్లో ఉంది, తీసి చూస్తాంటా. నువ్వు ఎట్ల చదివినావు? అదొక్కటి చెప్పమ్మా."

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఎవరికైనా చదివి వినిపించండి సార్, అయితే ఏందంటాడు అని అడిగే మనిషికి, భాగ్యమ్మకే వినిపించండి అంటే సరిపోయేది. అది నా నాలుక మీద ఉంది కూడా. కానీ ఆయన మొహం కింద నుంచి పైకి నా వైపు చూస్తోంది. క్లాసులో అందరూ నవ్విన రోజు నా చెవులు ఎట్లా కాలాయో గుర్తొచ్చింది. నా పెదవి ఒక పక్కకు లాగినట్టయింది. కళ్లు సగం మూతపడ్డాయి. నాకు తెలుస్తూనే ఉంది, ఆపలేదు.

"అది అడిగే అర్హత మీకింకా రాలేదు సార్" అన్నాను. "పలక తుడవండి. మొదటి నుంచి రాయండి."

ఆయన తిట్టలేదు. పక్కకు కూడా చూడలేదు. తల ఊపాడు, లెక్క తప్పిన పిల్లవాడు మాస్టారు ముందు ఊపినట్టు. ఎడమ చెయ్యి బల్ల మీదికి వచ్చింది. టీ గ్లాసు పెట్టిన చోట తడి గుండ్రంగా మిగిలింది. దాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు తుడిచాడు. తర్వాత అంచు.

"సరేమ్మా" అన్నాడు.

షాయిస్తా స్కూటీ హారన్ వినపడి నేను వెళ్లిపోయాను. దారంతా ఆమె నన్ను మెచ్చుకుంటూనే ఉంది. నాకు ఒక్క ముక్క తలకెక్కలేదు.

ఊళ్లో స్కోరు సంగతి తెలిసి అందరూ మా ఇంటికి వచ్చారు. సెంటర్ బయట నా ఫొటోతో ఫ్లెక్సీ పెడతారని అమ్మీ ఎదురుచూసింది. నూట నలభై వచ్చినవాళ్లకు కూడా మెడలో పూలదండ బొమ్మ అతికించి ఫ్లెక్సీ పెట్టే మనిషి, నాకు పెట్టలేదు. నేను ఆ మెట్లు మళ్లీ ఎక్కలేదు. యూనివర్సిటీకి అప్లికేషన్ పంపేశాను. రెండుమూడుసార్లు ఫోను తీసి సారు నంబరు దాకా వెళ్లి ఆగిపోయాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు.

పోయిన శుక్రవారం అబ్బా సెంటర్‌కు పలకలు ఇచ్చి వచ్చాడు. కాళ్లు కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

"సారు ఈసారి ఒక పలక ఎక్కువ అడిగినాడు" అన్నాడు. "కొత్త పిల్లోడు ఎవరైనా చేరినాడా అంటే కాదన్నాడు. తనకేనంట. మూల విరగంది, మంచిది చూసి ఇయ్యి గౌస్ భాయ్ అన్నాడు. నేను ఏరి ఇచ్చినా. అప్పుడే ముందర పెట్టుకుని మొదటి మాట రాసుకుంటాన్నాడు. అన్ని మాటలు వచ్చిన మనిషికి పలక ఎందుకు బేటీ? ఏందంటాడు ఆయన?"

ఏడాది పాటు అబ్బా అట్లా అడిగిన ప్రతి వాక్యానికీ నేను అర్థం చెప్పాను. ఈ ఒక్కదానికి అర్థం చెప్పాలంటే టీకొట్టులో నేనన్న మాట కూడా చెప్పాలి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆయన నా వైపు చూస్తూ కూర్చున్నాడు.